వింటేనే మైల

ఆ అసైన్‌మెంటుకు నేను ఇరవైకి పదమూడు మార్కులు వేశాను. ఏడు మార్కులు ఎందుకు కోశానంటే, ముగింపు రాయలేదని. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది గానీ, ఆ రోజు మాత్రం మహా న్యాయంగా దిద్దాననుకున్నాను.

నా పేరు ప్రసన్నకుమారి. తిరుపతిలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను. మాది వడమాలపేట పక్క సేద్యం చేసుకునే ఇల్లు. మా ఇంటి పొలం గట్ల మీద అరిచి అరిచి పెరిగిన గొంతు నాది, క్లాసులో మైకు అక్కర్లేదు. 1999లో ఫైనలియర్ పిల్లలకు గ్రీకు విషాద నాటకం పాఠం నా నెత్తిన పడింది. పరీక్షలో ప్రతి ఏడూ ఒకటే ప్రశ్న: గ్రీకు విషాద నాటకంలో సంఘర్షణ గురించి, థీమ్ గురించి రాయండి. పిల్లలకూ ప్రతి ఏడూ ఒకటే జవాబు. బజార్లో గైడు కొనుక్కొని, సంఘర్షణ అంటే మంచికీ చెడుకీ మధ్య పోరాటం అని బట్టీ కొట్టి రాసేస్తారు.

నాకు ఒళ్ళు మండింది. "మంచికీ చెడుకీ పోరాటమైతే పోలీసు స్టేషను చాలు గదా తల్లీ, నాటకమెందుకు? ఈ నాటకాల్లో ఇద్దరూ మంచోళ్ళే. ఇద్దరూ ధర్మం మీదే నిలబడినారు. ఒకరి ధర్మం కాపాడితే ఇంకొకరి ధర్మం చస్తుంది. అదీ సంఘర్షణ. ఆ చచ్చినదాని కోసం మనకు మిగిలే దిగులుండాది చూడండి, అదీ థీమ్," అని బల్ల మీద కొట్టి చెప్పాను.

ఇంకొక మాట కూడా చెప్పాను. ఆ నాటకాల్లో చావు సాధారణంగా స్టేజీ మీద జరగదు. ఎక్కడో జరుగుతుంది. ఎవడో ఒకడు పరిగెత్తుకొచ్చి ఆ కబురు చెప్తాడు. కాబట్టి కబురు ఎప్పుడొచ్చింది, ఎవరి చెవిన పడింది, ఎవరు దాచారు అన్నదాంట్లోనే సగం కథ ఉంటుందని చెప్పాను. మూడో బెంచీలో శ్రీకరి అనే అమ్మాయి అప్పటిదాకా తల వంచుకొని రాసుకుంటున్నది, ఆ మాటకు తలెత్తి నన్ను చూసింది. పాఠం బాగా ఎక్కుతోందని మురిసిపోయాను.

గైడుల పీడ వదిలిద్దామని అసైన్‌మెంటు ఇలా ఇచ్చాను. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇద్దరిదీ న్యాయమే అయిన ఒక గొడవ పట్టుకోండి. పేర్లు అక్కర్లేదు. దాన్ని గ్రీకు నాటకం పద్ధతిలో మూడు పేజీలు రాసుకొని రండి. సంఘర్షణ ఏమిటో, థీమ్ ఏమిటో కింద రాయండి. తెలుగులో రాసినా పరవాలేదు, బుర్ర వాడితే చాలు.

ముప్పై రెండు మంది రాసుకొచ్చారు. పదిమంది కుళాయి కాడ బిందెల కొట్లాట రాశారు. ఎనిమిది మంది అత్తాకోడళ్ళను లాక్కొచ్చారు. ఒకతె అయితే వాళ్ళ అన్నదమ్ములు క్రికెట్టు చూడాలా, సినిమా చూడాలా అని టీవీ కాడ తన్నుకున్న సంగతి రాసి, థీమ్ కింద 'కరెంటు పోవుట' అని పెట్టింది. నవ్వలేక చచ్చాను. ఆ తరువాత శ్రీకరి కాగితాలు చేతికొచ్చాయి.

ఒక ఊళ్ళో ఒక తండ్రి, తల్లి లేని ఒక కూతురు. తండ్రి వాళ్ళది గుడిలో పాశురాలు, అంటే ఆళ్వార్ల తమిళ పాటలు, చదివే వంశం. పదకొండు కుటుంబాల వాళ్ళు ఏడాదికొకరు చొప్పున వంతులు వేసుకొని, గరుడ సేవ నాడు గోష్ఠికి, అంటే కలిసి చదివే గుంపుకు, ముందు నిలబడి చదువుతారు. అంటే ఒక్కో ఇంటికి పదకొండేళ్ళకొకసారి వంతు వస్తుంది. తండ్రికి మొదటిసారి వచ్చినప్పుడు కూతురు పుట్టిన పురుడు అడ్డమొచ్చింది. రెండోసారి రెండు రోజులుందనగా దాయాది ఒకడు పోయి మైల అడ్డమొచ్చింది. మూడోసారి వచ్చే ఆదివారం. తండ్రికి యాభై ఎనిమిదేళ్ళు, ఉబ్బసం. మళ్ళీ పదకొండేళ్ళకు గొంతు ఉంటుందో లేదో.

ఆయనకు ఒక అన్న. వేరే ఊళ్ళో ఆసుపత్రిలో, రేపో మాపో అన్నట్టు ఉన్నాడు. భార్యా బిడ్డలూ లేరు. తమ్ముణ్ణి పెంచి, చదివించి, పాశురాలు కూడా నేర్పింది ఆ అన్నే. అమ్మాయి చూడబోతే ఆయన ఆమె చేయి పట్టుకొని, నా చితికి తమ్ముడే నిప్పు పెట్టాల, కబురు రాగానే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా చెప్పు అని మాట తీసుకున్నాడు. ఇంటికొస్తే తండ్రి ఇంకొక మాట తీసుకున్నాడు. ఆదివారం సేవ అయ్యేదాకా ఏ కబురొచ్చినా నా చెవిన వేయొద్దు. వింటేనే మైల. వినకపోతే మైల లేదు, వంతు నిలబడుతుంది. ఇంట్లో ఫోను ఎత్తేది ఆ అమ్మాయే. ఫోను మోగింది. అక్కడితో ఆపేసి, కింద ఇలా రాసింది: "ఆ అమ్మాయి ఏం చేయాలో నాకు తెలియలేదు మేడమ్. మీరు చెప్తే రాస్తాను."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అంత బాగుంది. వింటేనే మైల అనే కిటుకును ఆ పిల్ల సొంతంగా కల్పించిందని నేను అనుకున్నాను. ఎందుకంటే మా ఇళ్ళల్లో అట్లాంటి పద్ధతి నేనెప్పుడూ చూడలేదు. చావు కబురు వచ్చిందంటే ఎక్కడి పని అక్కడ వదిలేసి, ఊరు ఊరంతా పరిగెత్తుతుంది. ముందు ఏడుపు, ఆ తరువాతే లెక్కాడొక్కా. కబురును గడప బయట నిలబెట్టి, నువ్వు సాయంత్రం రా అని చెప్పే ఇళ్ళు కూడా ఉంటాయని నాకు తెలియదు. తెలియకపోతే అడగాలి. నేను అడిగే రకం కాదు, చెప్పే రకం.

ఎర్ర ఇంకుతో ఇలా రాశాను: "సంఘర్షణ బ్రహ్మాండం. ఇద్దరిదీ న్యాయమే. కానీ ముగింపు లేని నాటకం నాటకం కాదు. మేడమ్‌ను అడగడమేమిటి, బద్ధకమా? అమ్మాయి నోరు విప్పకూడదు. చెప్పేస్తే ఇది మామూలు సంసారం గోల. చెప్పకుండా తండ్రిని పంపిస్తేనే విషాద నాటకం. ఆ మౌనమే దీని థీమ్. సోమవారానికి ముగించుకొని రా."

శుక్రవారం కాగితాలు తిరిగి ఇచ్చాను. సాయంత్రం శ్రీకరి స్టాఫ్ రూము గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను ఇంటర్నల్ మార్కులు కూడుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"మేడమ్, ఆ అమ్మాయి చెప్పేస్తే తప్పా?" అని అడిగింది.

"నాటకంలో తప్పే. దానిపాటికది చెప్పేస్తే ఇంగ చూసేవాళ్ళకు ఏం మిగులుతుంది? పో, పోయి రాసుకో," అన్నాను.

ఇంకా ఏదో అడగబోయింది. నేను కూడిక తప్పిందని విసుక్కున్నాను. వెళ్ళిపోయింది.

సోమవారం రాలేదు. మంగళవారం రాలేదు. వారమంతా రాలేదు. ఎప్పుడూ ఒక్క పూట కూడా ఎగ్గొట్టని పిల్ల. హాల్ టికెట్లకు సంతకాలు పెట్టాలి, ఇంటర్నల్సు పంపించాలి, ఈ పిల్ల కాగితం ఒక్కటే నా ప్రాణానికి మిగిలింది. ఆదివారం సెలవు కదా, నాలుగు చీవాట్లు పెట్టి కాగితం తెచ్చుకుందామని అడ్రసు రాసుకొని బయలుదేరాను. గుడి వెనక సన్న వీధి, వరసగా పెంకుటిళ్ళు. తలుపు కొట్టబోతుంటే ఎదురింటి అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్న వరలక్ష్మమ్మ అనే ఆమె ఆపింది.

"ఎవరమ్మా నువ్వు? ఆ ఇంట్లో మైల ఉండాది. లోపలికి పోతే తలస్నానం చేయాల్సొస్తుంది చూసుకో."

"మైలేమిటి?" అన్నాను.

"దేవనాథన్ వాళ్ళ అన్న చిత్తూరు ఆసుపత్రిలో పోయినాడు గదా, పోయిన ఆదివారం. పాపం, ఆ పొద్దే ఈయన వంతు. ఆ పిల్ల కబురు తెలిసి గూడా పొద్దంతా కడుపులో పెట్టుకునింది. గట్టి పిల్ల."

నాకు మతిపోయింది. ఆమె ఇంకా ఏదో చెప్తూనే ఉంది, ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. వంతు, అన్న, ఆసుపత్రి, ఆదివారం. నేను ఎర్ర ఇంకుతో దిద్దిన మూడు పేజీలు కళ్ళ ముందు తిరిగాయి. వెనక్కి తిరిగి పారిపోదామని కూడా అనిపించింది, అబద్ధమెందుకు చెప్పాలి. ఈలోగా తలుపు తెరుచుకుంది.

శ్రీకరి సగమైపోయింది. కళ్ళు లోతుకు పోయాయి. "రండి మేడమ్. కాఫీ ఇచ్చేదానికి లేదు, మైల," అంది. నేను లోపలికి పోయి చాప మీద కూలబడ్డాను. దేవనాథన్ గారు కర్మ చేసేదానికి చెరువు గట్టుకు పోయారట, రావడానికి ఇంకా గంట పడుతుంది.

"ఆ నాటకం మీ ఇంటి సంగతా?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"అవును మేడమ్."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పినాను గదా మేడమ్," అంది. ఎగతాళి కాదు. నిజంగానే చెప్పానని అనుకుంటోంది. మూడు పేజీలు రాసి, కింద మీరే చెప్పండి అని అడిగిన పిల్ల అంతకన్నా ఎట్లా చెప్తుంది.

జరిగింది తనే చెప్పింది. ఆదివారం పొద్దున ఆరు గంటలకు ఫోను వచ్చింది. చేసింది చిత్తూరులో వాళ్ళ పెద్దనాయన బాడుగకున్న ఇంటి ఓనరు, కుప్పయ్య. టీ అంగడి పెట్టుకున్న మనిషి, నాలుగు నెలలుగా ఆసుపత్రికి గంజి మోసింది ఆయనే. పెద్దనాయన తెల్లవారుజామున పోయినాడు, మీ నాయనను తోడుకొని రా పాపా అన్నాడు. దేవనాథన్ గారు పక్కగదిలో నామం దిద్దుకుంటున్నారు. ఎవరమ్మా అని అడిగారు. రాంగ్ నంబరు అని చెప్పింది. ఆయన ఉత్తరీయం వేసుకొని వడమాలపేట బస్సుకు వెళ్ళిపోయారు. వంతు ఉన్న గుడి ఆ పక్క పల్లెలో ఉంది.

"రిసీవరు తీసి పక్కన పెట్టొచ్చు గదా? ఫోనే రాకుండా పోయేది," అన్నాను.

"మా వీధిలో అందరూ అట్లనే పెడతారు మేడమ్. మా నాయన గూడా ముందురోజు తీసి పక్కన పెట్టినాడు. కాసేపు దాన్నే చూస్తా నిలబడి, మళ్ళా ఉన్నచోటనే పెట్టేసినాడు."

సేవ పన్నెండుకు ముగుస్తుంది, నాయన రెండుకల్లా ఇంటికి వస్తాడు, అప్పుడు చెప్పేస్తే మూడు గంటల బస్సుకు చిత్తూరు పోవచ్చు, మాట రెండు పక్కలా నిలబడుతుంది. ఇదీ ఆ పిల్ల వేసుకున్న లెక్క. అందుకని కుప్పయ్యకు ఫోను చేసి, నాయన సాయంత్రానికి వస్తాడు, అంతదాకా ఎత్తొద్దన్నా అని బతిమాలింది. ఆయన పాపం ఐసుగడ్డలు తెప్పించి, శవాన్ని ఇంటి ముందర నీడలో పెట్టుకొని కూర్చున్నాడు. రెండయింది, మూడయింది, దేవనాథన్ గారు రాలేదు. నాలుగుకు కుప్పయ్య ఫోను చేశాడు. ఐదుకు మళ్ళీ చేశాడు. ఐదున్నరకు చివరిసారి చేసి, "పొద్దు వాలతా ఉండాది పాపా, ఇంగ ఆగేదానికి లేదు. నాకు పెట్టే యోగ్యత ఉండాదో లేదో గానీ, ఎవరో ఒకరు పెట్టాల గదా" అన్నాడు. ఆరు గంటలకు ఆ టీ అంగడాయనే నిప్పు పెట్టాడు.

"నాయన ఏడున్నరకు వచ్చినాడు మేడమ్. గుడికాడ ఆలస్యమయిందన్నాడు. అప్పుడు చెప్పినాను. సాయంత్రం దాకా ఆపించినానని మాత్రం చెప్పలేదు. పొద్దున పదికే అయిపోయింది నాయనా, నువ్వు పోయినా అందేది కాదు అని చెప్పినాను. అంత మాత్రం అబద్ధమైనా చెప్పకపోతే ఆయన బతకడు. మీరు గూడా చెప్పొద్దండి."

నేను తల ఊపాను. ఊపక ఏం చేస్తాను.

"ఆ పొద్దు నుంచి నాయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కోపం. ఉండదా మేడమ్? పెద్దనాయన నా చేయి పట్టుకొని అడిగినాడు. నేను ఆయనను దిక్కులేనోణ్ణి చేసినాను. అన్నం నోట్లో పెట్టుకుంటే మింగుడు పడలేదు. పరీక్షలకు రాను మేడమ్, నా హాల్ టికెట్టు వాపసు పంపించేయండి. నాకింగ చదువొద్దు."

"శ్రీకరీ, ఆ కాగితం మీద నేను రాసింది చూసి నువ్వు…" అని ఆగిపోయాను. మిగతాది పలకలేకపోయాను.

"ఫోను పెట్టేసినాక చెప్పేద్దామనే లేచినాను మేడమ్. నోటిదాకా వచ్చింది. అప్పుడు మీరు రాసింది గుర్తొచ్చింది. మీరు అంత చదువుకున్నారు గదా, మీకు తెలిసే రాసుంటారనుకున్నాను," అంది.

ఇరవై రెండేళ్ళ పిల్ల. ఇల్లు తగలబడుతోంది, ఏం చేయమంటారు అని అడిగితే, నేను అక్షరాలు గుండ్రంగా రాయి అని చెప్పినదాన్నయ్యాను. ఏడుపొచ్చింది. ఆ పిల్ల ముందర ఏడవడానికి కూడా నాకు మొఖం చెల్లలేదు.

బయట చెప్పుల చప్పుడు వినపడింది. దేవనాథన్ గారు తడి పంచెతో వచ్చారు. పొట్టి మనిషి, మాసిన గడ్డం, రొమ్ములో పిల్లికూతలు. శ్రీకరి నన్ను పరిచయం చేసింది. ఆయన కూతురి వైపు చూడకుండానే నాకు దండం పెట్టారు. స్నానానికి నీళ్ళు తోడతానని ఆమె బిందె తీసుకొని పెరట్లోకి పోయింది.

నాకు ఇంక ఆగబుద్ధి కాలేదు. చేసిన తప్పు కక్కేయాలి, ఈ మనిషి కోపం ఆ పిల్ల మీద నుంచి నా మీదికి తిప్పుకోవాలి, అంతే అనుకున్నాను. "అయ్యా, మీ బిడ్డ తప్పేమీ లేదు. కబురు దాచమని చెప్పింది నేను. తను నన్ను అడిగింది. నేను నాటకమనుకొని, చెప్పొద్దని రాసిచ్చినాను. తిట్టేదేమైనా ఉంటే నన్ను తిట్టండి. దాంతో మాట్లాడండి," అన్నాను.

ఆయన పెరటి వైపు చూశారు. పెరటి తలుపు దగ్గరికి వేసొచ్చి, నా ఎదురుగా కూర్చున్నారు.

"నాకు బిడ్డ మీద కోపమని ఎవరు చెప్పినారమ్మా? నాకు దాని మొఖం చూసే ధైర్యం లేదు. అంతే," అన్నారు. "ఆ పొద్దు నేను అద్దం ముందర కూర్చోనుండాను. ఫోను మోగింది. అద్దంలో బిడ్డ కనపడతానే ఉండాది. రిసీవరు పెట్టేసి, రాంగ్ నంబరు నాయనా అనింది. రాంగ్ నంబరుకు ఎవరైనా అట్ల గోడ పట్టుకొని నిలబడతారా అమ్మా?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు. అడిగితే చెప్తాది. చెప్తే మైల. ముందరే రెండు వంతులు పోయినాయి నాకు. నోరు రాలేదమ్మా. వినలేదు గదా, విననంతవరకు మైల లేదు గదా అని నాకు నేనే చెప్పుకొని గడప దాటినాను. ఆ పొద్దు గోష్ఠిలో నా గొంతు ఎట్ల పలికిందో తెలుసునా? ఉబ్బసం గూడా ఎత్తుకోలేదు. అందరూ మెచ్చుకున్నారు. మా అన్న నేర్పించిన పాఠం. అన్న ఆడ ఐసు మీదనో నేల మీదనో పడుకోనుంటే, నేనీడ గొంతెత్తి చదివినాను."

"సరే, పన్నెండుకు అయిపోయింది గదా. నేరుగా ఇంటికొచ్చి ఉంటే…"

"రెండుకే తిరుపతిలో దిగినాను. ఇంటి మలుపు దాకా గూడా వచ్చినాను. లోపలికొస్తే బిడ్డ చెప్తాది. అప్పుడే విన్నట్టు నేను ఏడవాల. పొద్దున్నే తెలుసుకున్న ఏడుపును అప్పుడే తెలిసినట్టు ఏడ్చేది నాకు చేతకాలేదమ్మా. వెనక్కి తిరిగి అలిపిరికి పోయినాను. మెట్ల దారి మొదట్లో కూర్చున్నాను. జనం గోవిందా గోవిందా అంటా ఎక్కతా ఉండారు. ఏడు దాకా ఆడనే కూర్చున్నాను. అన్నను పొద్దున్నే కానిచ్చేసుంటారు, ఇంగ పోయినా బూడిదే గదా అని సర్దిచెప్పుకున్నాను. తర్వాత బిడ్డ గూడా అదే చెప్పింది. పదికే అయిపోయిందంట."

నేను చాప అంచు గట్టిగా పట్టుకున్నాను. పదికి కాలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలియదు. రెండు నుంచి ఏడు దాకా ఈ మనిషి ఇదే ఊళ్ళో కూర్చొని ఉన్నాడు. ఆ ఐదు గంటలూ చిత్తూరులో కుప్పయ్య ఐసుగడ్డలు మారుస్తున్నాడు, ఇక్కడ ఈ పిల్ల గుమ్మంలో నిలబడి వీధి చూస్తోంది. ఎన్ని నాటకాలు చెప్పాను నేను క్లాసులో, బల్ల గుద్ది మరీ. మనుషుల మధ్య ఇట్లా జరుగుతుందని ఒక్కసారి కూడా నమ్మి చెప్పలేదు.

"ఈ మాట బిడ్డకు తెలియనీయొద్దమ్మా. దండం పెడతాను. నాయన చేసిన పని దానికి తెలిస్తే నేను తల ఎత్తుకోలేను," అన్నారాయన.

ఇద్దరూ నా నోరే మూయించారు. కూతురేమో ఆరు గంటల సంగతి నాయనకు చెప్పొద్దంటుంది. నాయనేమో తెలిసే పోయిన సంగతి కూతురికి చెప్పొద్దంటాడు. చెప్పకపోతే ఆ పిల్ల చేయని పాపాన్ని నెత్తిన పెట్టుకొని, అన్నం మానేసి, చదువు మానేసి ఈ గదిలోనే ఎండిపోతుంది. చెప్తే ఈయన ఏమైపోతాడో తెలియదు. దయతో నోరు మూసుకోవాలా, న్యాయంగా తెరవాలా? మొన్నయితే దీనికి ఎర్ర ఇంకుతో అరనిమిషంలో జవాబు రాసేదాన్ని. ఇప్పుడు నా చేతిలో ఎర్ర ఇంకు లేదు. కానీ నా దగ్గరికొచ్చి అడిగింది ఆ పిల్ల. ఒకసారి దాని గొంతు నొక్కింది చాలు, రెండోసారి నా వల్ల కాదు.

"శ్రీకరీ, ఇట్ల రా," అని పిలిచాను.

దేవనాథన్ గారు వద్దని చేయి ఎత్తారు. ఆమె నీళ్ళ బిందె చంకనేసుకొని తలుపులో నిలబడింది.

"నువ్వు దాచినందువల్ల మీ నాయన ఆగిపోలేదు. నువ్వు ఫోను పెట్టేసినప్పుడే ఆయనకు తెలుసు. అద్దంలో నీ మొఖం చూసినాడు. తెలిసే పోయినాడు. మీ పెద్దనాయనకు నువ్వు అన్యాయం చేయలేదు," అన్నాను. ఒక్క గుక్కలో చెప్పేశాను, మధ్యలో ఆగితే మళ్ళీ చెప్పలేనని.

ఆమె బిందె కింద పెట్టింది. "నిజమా నాయనా?" అంది.

ఆయన తల వంచుకొని ఊపారు. ఒక్క క్షణం ఆ పిల్ల మొఖంలో ప్రాణం వచ్చింది. ఎనిమిది రోజుల బరువు దిగినట్టు భుజాలు కిందికి జారాయి. నేను చేసింది సరైన పనేనని అనుకునేంతలో ఆమె మొఖం మళ్ళీ మారింది.

"మరి పన్నెండు తర్వాత యాడ ఉన్నావు? గుడికాడ ఆలస్యమయిందంటివే?"

"అలిపిరిలో," అన్నారాయన, నేల చూస్తూ.

"ఎన్నింటి దాకా?"

"ఏడు."

శ్రీకరి నా వైపు చూసింది. ఆమె ఇక్కడితో ఆపేయొచ్చు. చెప్పొద్దు తల్లీ, ఇంతటితో వదిలేయి అని లోపల్లోపల మొక్కుకున్నాను. కానీ ఆమె కూడా ఇక మోయలేకపోయింది.

"పదికి కాలేదు నాయనా. నీకు అబద్ధం చెప్పినాను. సాయంత్రం ఆరుకు చేసినారు. నువ్వొస్తావని నేనే ఆపించినాను. కుప్పయ్యన్న పొద్దంతా కాచుకోనుండి, చివరకు ఆయనే నిప్పు పెట్టినాడు."

దేవనాథన్ గారు తలెత్తారు. మనిషిని చూస్తే భయమేసింది.

"మూడు గంటల బస్సుకు పోయుంటే…" అన్నారు.

"ఐదుకు దిగుండేవాడివి," అంది శ్రీకరి. కోపంగా కాదు, బస్సు టైము అడిగిన వాళ్ళకు చెప్పినట్టు చెప్పింది. "అప్పటికి పెద్దనాయన ఇంకా ఆడనే ఉండాడు."

ఆయన రెండు చేతులతో చెవులు మూసుకొని, కూర్చున్న చోటనే పక్కకు ఒరిగిపోయారు. శ్రీకరి పోయి ఆయన పక్కన కూర్చుంది, తాకలేదు. నేను లేవాలో కూర్చోవాలో తెలియక అట్లాగే ఉండిపోయాను.